బర్తరఫ్ కాగితం వెనుక చరిత్ర

సర్కారు కొలువు దొరికితే ఇంటికి ఏం వస్తుందో మన గూడేల్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కర లేదు. ఫారెస్టు గార్డు, ఆశ్రమ పాఠశాల టీచరు, హాస్టల్ వార్డెన్, ఆర్టీసీ కండక్టరు, సింగరేణి కార్మికుడు, ఎవరైనా సరే, ఆ ఒక్క జీతం మీదే అమ్మానాన్నల తిండి, తమ్ముడి చదువు, చెల్లెలి పెళ్లి, షావుకారు దగ్గరి పాత బాకీ ఆధారపడి ఉంటాయి. ఆ కొలువు పోతే ఏమవుతుందో కూడా తెలుసు. కానీ ఆ కొలువు తీసేసే అధికారం ఎవరికి ఉంది, ఏ దారిలో తీసెయ్యాలి, తీసేస్తే కోర్టు ఎంతవరకు వింటుంది అన్న సంగతి చదువుకున్న మన పిల్లలకు కూడా తెలియదు. సస్పెన్షన్ ఉత్తర్వు చేతికి వచ్చిన రోజున యూనియన్ వాళ్లనో తెలిసిన వకీలునో వెతుక్కుంటూ పరుగెత్తుతారు. ఆ ఉత్తర్వులో ఉన్న ప్రతి వాక్యం వెనుక ఎవరో ఒక చిన్న ఉద్యోగి కోర్టు మెట్లెక్కిన కథ ఉంది. ఆ కథలు కొన్ని ఇక్కడ చెప్పుకుందాం.

బ్రిటిషు వాళ్ల కాలంలో నౌకరీ అంటే దొరవారి దయ. రాజుకు ఇష్టం ఉన్నన్నాళ్లు నౌకరు ఉంటాడు, ఇష్టం లేకపోతే పోతాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన సూత్రం ఇది. 1919 నాటి భారత ప్రభుత్వ చట్టంలో 96-బి అనే సెక్షను పెట్టి, నియమించిన అధికారి కంటే కింది అధికారి ఎవరినీ బర్తరఫ్ చెయ్యరాదని రాశారు. ఆ సెక్షను కింద విచారణ ఎలా జరపాలో నిబంధనలు కూడా తయారయ్యాయి. మరి ఆ నిబంధనలు పాటించకపోతే? ఈ ప్రశ్న మద్రాసు రాజధాని నుంచే లండనులోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది.

మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో రీడరుగా ఉన్న ఆర్. వెంకటరావును పని నుంచి తీసేశారు. నిబంధనల ప్రకారం విచారణ జరపలేదని ఆయన దావా వేశాడు. 1937లో ప్రీవీ కౌన్సిల్ ఇచ్చిన జవాబు కఠినమైనది. నిబంధనలు ఉల్లంఘించినంత మాత్రాన కోర్టులో దావా నడవదు, పై అధికారులకు మొర పెట్టుకోవలసిందే అన్నది దాని సారం. అదే ఏడాది రంగాచారి అనే పోలీసు సబ్‌ఇన్‌స్పెక్టరు కేసులో మాత్రం వేరే మాట చెప్పింది. నియమించిన అధికారి కంటే కిందివాడు బర్తరఫ్ చేశాడు కాబట్టి, చట్టంలోనే ఉన్న రక్షణను కాలరాశాడు కాబట్టి, ఆ బర్తరఫ్ చెల్లదని తేల్చింది. రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చూస్తే అప్పటి పరిస్థితి అర్థమవుతుంది. ఎవరు సంతకం పెట్టారు అన్నది కోర్టు చూస్తుంది. ఉద్యోగి మాట విన్నారా లేదా అన్నది చూడదు.

1935 చట్టంలో 240వ సెక్షను వచ్చాక ఆ రెండోది కూడా చట్టంలోకి ఎక్కింది. శిక్ష వేసే ముందు కారణం చెప్పుకోవడానికి తగిన అవకాశం ఇవ్వాలని అందులో రాశారు. ఆ మాటకు అర్థం ఏమిటో తేల్చినవాడు ఐ.ఎం. లాల్ అనే ఐ.సి.ఎస్. అధికారి. 1948లో ప్రీవీ కౌన్సిల్ ఆయన బర్తరఫ్ చెల్లదంది. తప్పు చేశాడా లేదా అన్న విచారణలో ఒకసారి, ఈ శిక్ష వెయ్యబోతున్నాం ఏమంటావు అని ఇంకోసారి, రెండుసార్లు అడగాలని చెప్పింది. పెద్ద దొర పోరాడి తెచ్చుకున్న హక్కు ఆ తరువాత బంట్రోతుకూ గుమాస్తాకూ వచ్చింది. చరిత్రలో ఇలాంటివి అప్పుడప్పుడు జరుగుతుంటాయి.

1950లో రాజ్యాంగం వచ్చినప్పుడు 240వ సెక్షనే కొంచెం మారి 311వ అధికరణం అయింది. మొదటి భాగం: నియమించిన అధికారి కంటే కిందివాడు తొలగించరాదు. రెండో భాగం: ఆరోపణలు తెలియజేసి, విచారణ జరిపి, చెప్పుకోవడానికి తగిన అవకాశం ఇవ్వకుండా బర్తరఫ్ చెయ్యరాదు, తొలగించరాదు, హోదా తగ్గించరాదు. బర్తరఫ్‌కూ తొలగింపుకూ తేడా ఉంది, మన వాళ్లు తరచు కలిపేస్తారు. తొలగించినవాడు ఇంకో ప్రభుత్వ ఉద్యోగానికి పోవచ్చు. బర్తరఫ్ అయినవాడికి మామూలుగా ఆ దారి కూడా మూసుకుపోతుంది.

తగిన అవకాశం అంటే ఏమిటో విడదీసి చెప్పింది ఖేంచంద్ కేసు. ఢిల్లీలో సహకార సంఘాల శాఖలో సబ్‌ఇన్‌స్పెక్టరు ఆయన. 1957 డిసెంబరులో ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్ రాసిన తీర్పులో మూడు మెట్లు కనిపిస్తాయి. తన మీద మోపిన ఆరోపణ ఏమిటో, దేని ఆధారంగా మోపారో తెలుసుకుని కాదనే అవకాశం. తనకు వ్యతిరేకంగా చెప్పిన సాక్షులను ఎదురు ప్రశ్నలు అడిగి, తన సాక్షులను తెచ్చుకునే అవకాశం. చివరగా, ప్రతిపాదించిన శిక్ష ఎందుకు వద్దో చెప్పుకునే అవకాశం. ఇవాళ చార్జిమెమోతో పాటు సాక్షుల జాబితా, పత్రాల జాబితా జతచేస్తున్నారంటే ఆ పద్ధతికి మూలం ఇక్కడే ఉంది. మన రాష్ట్రాల్లో నడుస్తున్న 1991 నాటి సి.సి.ఏ. రూల్స్‌లో 20వ రూలు చదివితే ఖేంచంద్ తీర్పు నీడ స్పష్టంగా కనబడుతుంది.

ఆ తరువాత ఆరేళ్లకు అస్సాం వైపు నుంచి ఒక బంట్రోతు వచ్చాడు. పేరు మోతీరాం డేకా, ఈశాన్య సరిహద్దు రైల్వేలో ప్యూన్. రైల్వే రూల్స్‌లో ఒక సౌకర్యం ఉండేది. నోటీసు ఇచ్చి, విచారణ లేకుండా, పర్మనెంటు ఉద్యోగిని కూడా ఇంటికి పంపెయ్యవచ్చు. 1963 డిసెంబరులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కూర్చుని, పర్మనెంటు ఉద్యోగిని అలా పంపడం తొలగింపే అవుతుందని, 311ను దాటవేసే ఆ రూలు చెల్లదని మెజారిటీతో తేల్చింది. ఒక ప్యూను కేసుకు ఏడుగురు జడ్జీలు కూర్చోవడం గురించి తరగతిలో చెబితే పిల్లలు నమ్మరు. చెప్పాలి.

ఇంతవరకు చదివి, కోర్టుకు పోతే ఉద్యోగం తిరిగి వచ్చినట్టే అనుకుంటే పొరపాటు. ఇక్కడ మన హైకోర్టు నుంచి పోయిన రెండు కేసులు తెలుసుకోవాలి. రెండింటిలోనూ ఉద్యోగులు పోలీసు సబ్‌ఇన్‌స్పెక్టర్లే. ఎస్. శ్రీరామారావు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు బర్తరఫ్ కొట్టేసింది. సుప్రీంకోర్టు 1963లో హైకోర్టు తీర్పునే కొట్టేసింది. చిత్ర వెంకటరావు మీద తప్పుడు ప్రయాణ భత్యం బిల్లుల ఆరోపణ వచ్చింది. అక్కడా హైకోర్టులో గెలుపు, 1975లో సుప్రీంకోర్టులో ఓటమి. కారణం ఒకటే. శాఖాపరమైన విచారణ మీద హైకోర్టు అప్పీలు కోర్టు కాదు. సాక్ష్యాన్ని మళ్లీ తూకం వేసి, ఈ సాక్షిని నమ్మను, ఆ సాక్షిని నమ్ముతాను అనడం దాని పని కాదు. విచారణ జరిపినవాడికి అధికారం ఉందా, పద్ధతి ప్రకారం జరిగిందా, సహజ న్యాయం పాటించారా, ఆరోపణకు అసలు ఏదైనా సాక్ష్యం ఉందా అన్నవే చూస్తుంది. క్రిమినల్ కోర్టులో లాగా అనుమానానికి తావులేని రుజువు అక్కర లేదు. ఏ సాక్ష్యమూ లేకుండా వట్టి అనుమానం మీద తీసేస్తే మాత్రం ఊరుకోదు. 1963లోనే తీర్పు వచ్చిన హెచ్.సి. గోయల్ కేసు ఆ మాట చెప్పింది.

అందువల్ల అసలు పోరాటం హైకోర్టులో కాదు, విచారణ గదిలోనే జరగాలి. అక్కడ నోరు విప్పని మాట కోర్టులో విప్పినా ఫలితం తక్కువ. మన వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పెద్దసారు ముందు ఎదురు ప్రశ్న అడగడం మర్యాద కాదనుకుంటారు. సంతకం పెట్టమన్న చోట పెడతారు.

విచారణ గది దాకా పోవడానికి కూడా డబ్బు కావాలి. ఈ సంగతి సుప్రీంకోర్టుకు తెలిపింది అడవి శాఖ ఉద్యోగే. ఘన్‌శ్యాం దాస్ శ్రీవాస్తవ మధ్యప్రదేశ్‌లో ఫారెస్టు రేంజరు. సస్పెండు చేశారు. ఆయన ఉండేది రీవాలో, విచారణ పెట్టింది బస్తర్‌లోని జగదల్‌పూర్‌లో. మధ్య దూరం 500 కిలోమీటర్లు. సస్పెన్షన్‌లో ఉన్నవాడికి ఇవ్వవలసిన జీవనభృతి ఇవ్వలేదు. నా దగ్గర డబ్బు లేదు, రాలేను అని ఆయన రాశాడు. అయినా విచారణ ఆగలేదు, ఆయన లేకుండానే సాక్ష్యం నమోదు చేశారు, ఉద్యోగం తీసేశారు. భృతి మొదటిసారి చేతికి వచ్చేసరికే కొంత సాక్ష్యం అయిపోయింది. 1973లో సుప్రీంకోర్టు ఆ బర్తరఫ్‌ను కొట్టేసింది. డబ్బు లేక రాలేకపోయినవాడిని రానివాడిగా లెక్కకట్టి తీర్పు చెబితే తగిన అవకాశం ఇచ్చినట్టు కాదంది. మన్యం నుంచి జిల్లా కేంద్రానికి రావడానికి రెండు బస్సులు మారి ఒక రోజు పని పోగొట్టుకునే మనకు ఈ తీర్పు విలువ వేరే చెప్పాలా?

జీవనభృతి దానం కాదు. ఎఫ్.ఆర్. 53 ప్రకారం మొదట సుమారు సగం జీతం లెక్కన ఇస్తారు. విచారణ ఆలస్యం ఉద్యోగి వల్ల కాకపోతే పెంచవచ్చు, ఉద్యోగి వల్లే అయితే తగ్గించవచ్చు. మహారాష్ట్రలో ఒక రూలు ఉండేది. క్రిమినల్ కేసులో శిక్షపడి అప్పీలులో ఉన్న సస్పెండైన ఉద్యోగికి నెలకు ఒక్క రూపాయి భృతి! 1983లో చంద్రభాన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 1999లో కోలారు బంగారు గనుల సెక్యూరిటీ ఆఫీసరు పాల్ ఆంథోనీ కేసు వచ్చింది. పోలీసులు ఇంటి మీద సోదా చేసి బంగారం దొరికిందన్నారు. క్రిమినల్ కోర్టు నిర్దోషి అంది. ఈలోపే భృతి లేక, కేరళలోని సొంత ఊరి నుంచి విచారణకు రాలేక, ఏకపక్షంగా ఉద్యోగం పోయింది. అదే సోదా, అదే సాక్షులు, ఒకచోట నిర్దోషి, ఇంకోచోట దోషి ఎలా అవుతాడని సుప్రీంకోర్టు అడిగి ఉద్యోగం తిరిగి ఇప్పించింది. ఇది చూసి, క్రిమినల్ కేసు కొట్టేస్తే ఉద్యోగం దానంతట అదే తిరిగి వస్తుందని చాలామంది అనుకుంటారు. అలా రాదు. రెంటిలో రుజువు కొలత వేరు. పాల్ ఆంథోనీ గెలిచింది ఆ రెండు కేసులూ ఒకే సాక్ష్యం మీద నిలబడ్డాయి కాబట్టి.

ఇక భగత్‌రాం. హిమాచల్ ప్రదేశ్‌లో ఫారెస్టు గార్డు, నాలుగో తరగతి ఉద్యోగి, అంతంతమాత్రం చదువు. తన బీటులో అక్రమంగా చెట్లు నరికిన వ్యవహారంలో ఆయన మీదా పై అధికారి అయిన బ్లాకు ఆఫీసరు మీదా కలిపి విచారణ పెట్టారు. శాఖ తరఫున వాదించడానికి ఒక అధికారి ఉన్నాడు. బ్లాకు ఆఫీసరు తనకు సాయంగా ఒకరిని తెచ్చుకున్నాడు. గార్డుకు ఎవరూ లేరు. సాయం తెచ్చుకోవచ్చని కూడా ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఉద్యోగం పోయింది. హైకోర్టు మొదట్లోనే కేసు తోసేసింది. 1983లో సుప్రీంకోర్టు రెండు సంగతులు చెప్పింది. చట్టం తెలిసినవాడు ఒకవైపు, అక్షరాలు కూడబలుక్కునేవాడు ఇంకోవైపు ఉన్నప్పుడు, నీకు సాయం తెచ్చుకునే హక్కు ఉందని చెప్పవలసిన బాధ్యత విచారణ అధికారిదే. రెండోది, శిక్ష తప్పుకు తగినట్టు ఉండాలి, తప్పును మించిన శిక్ష సమానత్వ హక్కుకు విరుద్ధం. తొలగింపు కొట్టేసి, ఇంక్రిమెంట్లు నిలిపే చిన్న శిక్షతో సరిపెట్టి ఉద్యోగంలోకి తీసుకోమంది.

దేశమంతా వకీళ్లు పెద్ద పెద్ద ఆఫీసర్ల కేసుల్లో భగత్‌రాం పేరు చెబుతుంటారు. అడవిలో కర్ర పట్టుకుని తిరిగిన ఒక గార్డు పేరు అది.

రాజ్యాంగంలో రెండుసార్లు అడగాలన్నది ఎంతోకాలం నిలవలేదు. 42వ సవరణతో, 1977 జనవరి నుంచి, శిక్ష మీద అడగనక్కర లేదన్నారు. ఈ మార్పును ఆసరాగా తీసుకుని అధికారులు ఇంకో అడుగు ముందుకు వేశారు. విచారణ అధికారి రాసిన నివేదిక కూడా ఉద్యోగికి చూపించకుండా నేరుగా బర్తరఫ్ ఉత్తర్వు ఇవ్వసాగారు. తన మీద ఏం రాశారో తెలియకుండానే ఉద్యోగం పోయేది. 1990 నవంబరు 20న మహమ్మద్ రంజాన్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు నివేదిక నకలు ఇవ్వాల్సిందే అంది. దాని మీద రకరకాల అనుమానాలు వచ్చి, హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థకూ బి. కరుణాకర్ అనే ఉద్యోగికీ మధ్య నడిచిన కేసుతో పాటు మరికొన్ని కేసులు అయిదుగురు న్యాయమూర్తుల ముందుకు వచ్చాయి. 1993 అక్టోబరు 1న తీర్పు.

ఆ తీర్పును పూర్తిగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే సగం చెప్పి ఆశపెట్టేవాళ్లు ఎక్కువ. విచారణ అధికారి వేరు, శిక్ష వేసే అధికారి వేరు అయినప్పుడు నివేదిక నకలు ఉద్యోగి చేతికి రావాలి. అడిగినా అడగకపోయినా రావాలి. ప్రభుత్వ శాఖైనా, ప్రభుత్వ రంగ సంస్థైనా, ప్రైవేటు సంస్థైనా అంతే. కానీ 1990 నవంబరు 20కి ముందు ఇచ్చిన ఉత్తర్వులను ఈ కారణంగా తిరగదోడరాదు. నకలు ఇవ్వలేదన్న ఒక్క కారణం మీద ఉద్యోగం వెంటనే తిరిగి రాదు. కోర్టే నకలు ఇప్పించి, అది ఇవ్వకపోవడం వల్ల నీకేం నష్టం జరిగింది అని అడుగుతుంది. నష్టం చూపిస్తేనే ఉత్తర్వు పోతుంది. అప్పుడు కూడా అదే మెట్టు నుంచి విచారణ మళ్లీ జరపవచ్చు. దొరికింది గెలుపా ఓటమా అని అడిగితే సగం సగం అనే చెప్పాలి. ఆ సగమే రోజూ ఆఫీసుల్లో పనికివస్తోంది.

విచారణే లేకుండా తీసెయ్యడానికి 311లో మూడు కిటికీలు తెరిచి ఉన్నాయి. క్రిమినల్ కేసులో శిక్షపడితే, విచారణ జరపడం వీలు కాదని అధికారి కారణాలు రాస్తే, దేశ భద్రత దృష్ట్యా తగదని రాష్ట్రపతి లేదా గవర్నరు అనుకుంటే. 1985లో తులసీరాం పటేల్ కేసులో సుప్రీంకోర్టు ఈ కిటికీలను సమర్థించింది. సమ్మెల తరువాత విచారణ లేకుండా ఇంటికి పంపిన రైల్వే కార్మికుల కేసులు కూడా అందులో కలిసి ఉన్నాయి. రెండో కిటికీ గురించి 1990లలో జస్వంత్ సింగ్ కేసులో కొంచెం బిగించింది. అధికారికి ఇష్టం లేదు కాబట్టి విచారణ వీలు కాదు అంటే కుదరదు, దానికి ఆధారం చూపాలి.

మన తెలుగు నేల మీద ఇంకో విచిత్రం జరిగింది. 1973లో 32వ సవరణతో 371-డి అధికరణం వచ్చి, దాని కింద 1976లో ఆంధ్రప్రదేశ్ అడ్మినిస్ట్రేటివ్ ట్రైబ్యునల్ ఏర్పడింది. ఉద్యోగుల కేసులన్నీ హైకోర్టు నుంచి అక్కడికి పోయాయి. అయితే అందులో ఒక నిబంధన ఉంది. ట్రైబ్యునల్ తీర్పును మూడు నెలల్లోగా రాష్ట్ర ప్రభుత్వం మార్చవచ్చు, రద్దు చెయ్యవచ్చు. అంటే కేసులో ఓడినవాడే తీర్పును చింపేయవచ్చన్న మాట! పి. సాంబమూర్తి కేసులో 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ నిబంధనను కొట్టేసింది. ఎల్. చంద్రకుమార్ కేసులో 1997లో ట్రైబ్యునళ్ల తీర్పుల మీద హైకోర్టుకు పోయే దారి కూడా తెరుచుకుంది. రాష్ట్రం విడిపోయాక రెండుచోట్లా ట్రైబ్యునల్ పోయి కేసులు మళ్లీ హైకోర్టుకే చేరాయి.

సింగరేణిలో పనిచేసేవారికి 311 వర్తించదు. వారి దారి లేబరు కోర్టు. ఒక విధంగా అది మెరుగైన దారి. 1971 డిసెంబరు నుంచి పారిశ్రామిక వివాదాల చట్టంలో 11-ఏ సెక్షను అమలుకు వచ్చింది. హైకోర్టు చెయ్యలేని పని లేబరు కోర్టు చెయ్యగలదు. సాక్ష్యాన్ని మళ్లీ తూకం వెయ్యవచ్చు, శిక్ష ఎక్కువైందనుకుంటే తగ్గించవచ్చు. ఇంకో విశేషం మన రాష్ట్రానిదే. తొలగించిన కార్మికుడు ప్రభుత్వం సిఫారసు కోసం చూడకుండా నేరుగా లేబరు కోర్టుకు పోవచ్చని ఆంధ్రప్రదేశ్ 1987లోనే చట్టం సవరించింది. కేంద్రం అలాంటి సవరణ చేసింది 2010లో. ఆ పాత చట్టం స్థానంలో పార్లమెంటు 2020లో కొత్త కోడ్ చేసింది కాబట్టి ఇప్పుడు కేసు వేసేవారు ఆ కోడ్ చూసుకోవాలి.

సెలవు పెట్టకుండా గైరుహాజరు అన్న ఆరోపణ మన వాళ్ల మీద ఎక్కువగా వచ్చేది. జ్వరం, చావు, వాగు పొంగి దారి మూసుకుపోవడం, కారణాలు ఉంటాయి, కాగితం ఉండదు. కార్మికుడు ఎనిమిది రోజులకు మించి రాకపోతే దానంతట అదే ఉద్యోగం పోతుందన్న కంపెనీ రూలును విచారణ లేకుండా వాడరాదని 1993లో డి.కె. యాదవ్ కేసులో చెప్పారు. 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో, రాలేకపోవడం వేరు, కావాలని రాకపోవడం వేరు, రెండోదని రుజువు చేస్తేనే అది దుష్ప్రవర్తన అవుతుందన్నారు.

ఇప్పటివరకు 311 మనకు డాలు అన్నట్టే మాట్లాడుకున్నాం. అదే డాలు పట్టుకుని మన ఉద్యోగాల్లో కూర్చున్నవాళ్లూ ఉన్నారు. తప్పుడు ఎస్టీ సర్టిఫికెట్లతో చేరి, పట్టుబడగానే, నేను పర్మనెంటు ఉద్యోగిని, 311 ప్రకారం విచారణ జరపండి అని కోర్టుకు పోయి ఏళ్ల తరబడి జీతం తీసుకున్నవాళ్లు. 1994లో మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు కుల నిర్ధారణ కమిటీల పద్ధతి నిర్దేశించింది. అంతకు ముందే 1993లో ఆంధ్రప్రదేశ్ కుల ధ్రువీకరణ పత్రాల చట్టం చేసుకుంది. 2004లో విశ్వనాథ పిళ్లై కేసులో, తప్పుడు కుల పత్రం మీద వచ్చిన నియామకం చట్టం దృష్టిలో నియామకమే కాదు, కాబట్టి 311 రక్షణ అడిగే హక్కు లేదని తేలింది. 2017లో జగదీశ్ బహీరా కేసులో, ఎన్నేళ్లు పనిచేసినా సానుభూతి చూపి ఆ ఉద్యోగం నిలబెట్టడం కుదరదని చెప్పారు. అక్కడ పోయేది ఒక మనిషి ఉద్యోగమే. ఆ ఉద్యోగం అసలు రావలసిన గిరిజన అభ్యర్థి మాత్రం ఆ కేసు కాగితాల్లో ఎక్కడా కనపడడు.

చివరగా కాంట్రాక్టు వాళ్ల సంగతి. ఆశ్రమ పాఠశాలల్లో కాంట్రాక్టు టీచర్లుగా, ఆఫీసుల్లో అవుట్‌సోర్సింగ్ మీద పనిచేస్తున్న మన పిల్లలకు 311 పూర్తి రక్షణ లేదు. కాలం తీరిందని పంపితే మామూలుగా కోర్టు కలగజేసుకోదు. కానీ తప్పు చేశాడని మచ్చవేసి పంపితే అది శిక్షే, విచారణ కావాలి. 1957లో పురుషోత్తంలాల్ ధింగ్రా కేసు నుంచి వస్తున్న మాట ఇది. ఉత్తర్వులోని పదాలు కాక దాని అసలు రూపం చూడాలని 1974లో శంషేర్ సింగ్ కేసులో ప్రొబేషనర్ల గురించి చెప్పారు. అందుకే ఈ రోజుల్లో కాంట్రాక్టు తొలగింపు ఉత్తర్వుల్లో తరచు ‘సేవలు ఇక అవసరం లేదు’ అన్న ఒక్క ముక్కే రాస్తారు. ఆ ముక్కకు ముందు ఎవరు ఫిర్యాదు చేశారు, ఏ మెమో ఇచ్చారు, ఏ నివేదిక రాయించుకున్నారు అన్నది ఫైలులో ఉంటుంది. కోర్టులో వాదన అంతా ఆ ఫైలు బయటికి తెప్పించడం దగ్గరే మొదలవుతుంది.